తుపాకీ పేలిందని చెబుతుంది, ఎక్కడిదో చెప్పదు: గ్లోబల్‌ టెర్రరిజం డేటాబేస్‌ సమీక్ష

ఉగ్రవాదంలోనూ రాజకీయ హింసలోనూ తుపాకుల పాత్రను లెక్కలతో పరిశీలించాలనుకునే విద్యార్థి గానీ, విలేకరి గానీ, న్యాయవాది గానీ ముందుగా తలుపు తట్టేది అమెరికాలోని మేరీలాండ్‌ విశ్వవిద్యాలయం నిర్వహించే గ్లోబల్‌ టెర్రరిజం డేటాబేస్‌నే. జీటీడీ అని పొడి అక్షరాలతో పిలిచే ఈ సేవలో 1970 నుంచి ప్రపంచవ్యాప్తంగా జరిగిన రెండు లక్షలకు పైగా దాడులు ఒక్కొక్కటి ఒక్కో వరుసగా నమోదై ఉన్నాయి. సొంత అధ్యయనానికి రుసుము లేదు. వ్యాపార అవసరాలకు మాత్రం విడిగా లైసెన్సు తీసుకోవాలి. ఈ సమీక్షలో నేను దీన్ని తుపాకీ కోణం నుంచి మాత్రమే పరిశీలిస్తున్నాను, అదీ తెలుగు నేల మీద జరిగిన రాజకీయ హింస గురించి కొంత తెలిసిన పాఠకుడు ఈ ఫైలు తెరిస్తే అతనికి ఏం దొరుకుతుంది, ఏం దొరకదు అన్న ప్రశ్నతో. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక దాడిలో తుపాకీ వాడారా లేదా, వాడితే ఎందరు చనిపోయారు అన్న ప్రశ్నలకు ఇంతటి విస్తృతి ఉన్న ఉచిత వనరు నాకు మరొకటి కనిపించలేదు. ఆ తుపాకీ ఏ రకానిది, ఎవరెవరి చేతులు మారి హంతకుడిని చేరింది అన్న ప్రశ్నకు మాత్రం ఈ ఫైలును ఎంత తిరగేసినా జవాబు రాదు. నేరశాస్త్రానికి ఎక్కువ అవసరమైనది ఆ రెండో ప్రశ్నే.

ఈ డేటాబేస్‌ ఎలా పుట్టిందో తెలుసుకోకుండా వాడడం మంచిది కాదు. 1970 నుంచి 1997 వరకు ఉన్న సమాచారం పరిశోధకులు పరిశోధన కోసం సేకరించినది కాదు. పింకర్టన్‌ అనే ప్రైవేటు భద్రతా సంస్థ తన ఖాతాదారులకు ఏ దేశంలో ఎంత ప్రమాదం ఉందో చెప్పడం కోసం వార్తాసంస్థల కథనాల నుంచి, ప్రభుత్వ నివేదికల నుంచి ఏరి కార్డుల మీద రాయించి దాచుకున్నది. నేరశాస్త్రవేత్త గ్యారీ లఫ్రీ, ఆయన సహ పరిశోధకురాలు లారా డుగన్‌ ఆ కార్డుల పెట్టెలను విశ్వవిద్యాలయానికి రప్పించి, విద్యార్థుల చేత కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఆ పని 2005 చివరికి ముగిసింది. అదే ఏడాది అమెరికా ఆంతరంగిక భద్రతా శాఖ నిధులతో అక్కడ ఏర్పడిన స్టార్ట్‌ అనే పరిశోధన కేంద్రం దీనికి శాశ్వత చిరునామా అయింది. ఉగ్రవాద అధ్యయనం అప్పటి దాకా చాలావరకు రాజనీతి శాస్త్రజ్ఞుల చేతుల్లోనే ఉండేది. హత్యలనూ దోపిడీలనూ లెక్కించడానికి నేరశాస్త్రం దశాబ్దాలుగా కూడబెట్టుకున్న పద్ధతులతోనే ఉగ్రవాదాన్నీ లెక్కించవచ్చని లఫ్రీ వాదించారు. అందుకే ఈ ఫైలు సిద్ధాంతాలతో కాక, పోలీసు స్టేషన్లోని నేరాల రిజిస్టరులా తేదీ, స్థలం, బాధితుడు, ఆయుధం, నష్టం అన్న క్రమంలో నడుస్తుంది. దాని బలం అక్కడే ఉంది, బలహీనత కూడా అక్కడే మొదలవుతుంది.

వాడకం విషయానికి వస్తే, పెద్దగా కంప్యూటర్‌ నైపుణ్యం లేనివారికి కూడా ఇబ్బంది ఉండదు. వెబ్‌సైట్‌లో దేశం, సంవత్సరం, ఆయుధం, దాడి చేసిన సంస్థ, దాడికి గురైన వర్గం ఎంచుకుని వెతకవచ్చు. ఫలితాలు పట్టికగానూ గ్రాఫుగానూ వస్తాయి. లోతుగా పని చేయాలనుకునేవారు వివరాలు నింపి ఎక్సెల్‌ ఫైలు దింపుకోవచ్చు. ఫైలుతో పాటు వచ్చే కోడ్‌బుక్‌ ఈ సేవలో నాకు అన్నింటికంటే నచ్చిన భాగం. ప్రతి కాలమ్‌కూ అర్థం, ప్రతి అంకెకూ వివరణ, తమ సమాచారంలో లోపాలు ఎక్కడెక్కడ ఉన్నాయో నిర్మాతలే ఒప్పుకున్న హెచ్చరికలు అందులో ఉన్నాయి. దాన్ని చదవకుండా నేరుగా గ్రాఫులు గీసేవారు పడే గోతులు చాలా ఉన్నాయి. ఉదాహరణకు దాడిలో పాల్గొన్నవారి సంఖ్య తెలియకపోతే ఆ గడిలో మైనస్‌ 99 అని ఉంటుంది. దాన్ని తీసేయకుండా సగటు కడితే దాడికి వచ్చినవాళ్ల సంఖ్య సున్నా కంటే తక్కువని తేలే ప్రమాదం ఉంది.

ఏది ఉగ్రవాద దాడి అన్నదానికి వాళ్లు పెట్టుకున్న కొలతలు స్పష్టంగానే ఉన్నాయి. చర్య ఉద్దేశపూర్వకమై ఉండాలి, హింస గానీ హింస చేస్తామన్న బెదిరింపు గానీ ఉండాలి, చేసినవారు ప్రభుత్వేతరులై ఉండాలి. ఈ మూడూ తప్పనిసరి. వీటికి తోడు రాజకీయ, ఆర్థిక, మత లేదా సామాజిక లక్ష్యం ఉండడం, నేరుగా దెబ్బ తిన్నవారిని మించి మరింత మందిని భయపెట్టాలన్న ఉద్దేశం ఉండడం, యుద్ధ నియమాల పరిధికి బయట జరగడం అన్న మూడింటిలో కనీసం రెండు నెరవేరాలి. ఈ చివరి నియమం వల్ల తెలంగాణ, ఉత్తరాంధ్ర అడవుల్లో జరిగినవాటి విషయంలో చిక్కు వస్తుంది. గస్తీ తిరుగుతున్న సాయుధ పోలీసుల మీద మాటు వేసి చేసిన దాడిని గెరిల్లా యుద్ధం అనాలా, ఉగ్రవాదం అనాలా? ఇలాంటి వరుసలకు సందేహం ఉందని సూచించే ఒక గుర్తు పెట్టారు. అక్కర్లేదనుకుంటే వాటిని వేరు చేయవచ్చు. అయితే ఆ గుర్తు 1997 తర్వాతి ఘటనలకే ఉంది. పీపుల్స్‌వార్‌ ఉద్ధృతంగా ఉన్న 1980లు, 1990ల ఆరంభపు వరుసలకు ఆ వెసులుబాటు లేదు. ఇక చేసినవారు ప్రభుత్వేతరులై ఉండాలన్న తప్పనిసరి షరతు వల్ల పోలీసులు జరిపిన ఎదురుకాల్పులు ఈ లెక్కలోకి రావు. రాజకీయ హింసలో తుపాకీ వాడకం మొత్తం ఈ ఒక్క ఫైలులో ఉందనుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి; ఇక్కడ కనిపించేది కాల్పుల్లో ఒక వైపు మాత్రమే.

ఇప్పుడు అసలు విషయం, ఆయుధాల కాలమ్‌లు. ఒక్కో దాడికి నాలుగు ఆయుధాల దాకా నమోదు చేసే వీలుంది. ఆయుధాలను 13 రకాలుగా విభజించారు. జీవాయుధాలు, రసాయనాల నుంచి కత్తులు, వాహనాల దాకా అందులో ఉన్నాయి. తుపాకులది 5వ నంబరు. దాని కింద మళ్లీ ఉపవిభాగాలు: ఆటోమేటిక్‌ లేదా సెమీ ఆటోమేటిక్‌ రైఫిల్‌, చేతి తుపాకీ, ఆటోమేటిక్‌ కాని రైఫిల్‌ లేదా షాట్‌గన్‌, రకం తెలియని తుపాకీ, ఇతర రకం తుపాకీ. వీటి పక్కన ఆయుధం గురించి పత్రికల్లో ఏం రాశారో చెప్పే ఒక వాక్యం గడి ఉంటుంది. మొదటి పేజీలోనే కనిపించే ఒక వరుస దీని తీరుకు మంచి నమూనా. 1970 జనవరి 1న ఇల్లినాయ్‌ రాష్ట్రంలోని కైరో పట్టణంలో పోలీసు కార్యాలయం మీద జరిగిన కాల్పులు అవి. తుపాకీ రకం తెలియదని, వివరం గడిలో పలుమార్లు కాల్పులు జరిగాయని ఉంటుంది. అంతకు మించి ఏమీ ఉండదు.

ఈ తీరు ఆ ఒక్క వరుసకు పరిమితం కాదు. 2017 వరకు ఉన్న విడుదలలో 1,81,691 వరుసలున్నాయి. మొదటి ఆయుధం గడిని మాత్రమే లెక్కిస్తే పేలుడు పదార్థాలు దాదాపు 92 వేల దాడుల్లో, తుపాకులు 58 వేలకు పైగా దాడుల్లో కనిపిస్తాయి. ఆ 58 వేలలో 33 వేలకు పైగా వరుసల్లో తుపాకీ రకం తెలియదనే ఉంది. ఆటోమేటిక్‌, సెమీ ఆటోమేటిక్‌ రైఫిళ్లు 17 వేలకు పైగా, చేతి తుపాకులు సుమారు 6,700. అంటే తుపాకీ దాడుల్లో సగానికి మించి ఏ తుపాకీయో కూడా తెలియని స్థితి. దీనికి నిర్మాతలను తప్పుపట్టడం పూర్తిగా న్యాయం కాదు. వారి మూలాధారం వార్తలు. సాయుధులు కాల్పులు జరిపి పారిపోయారన్న వాక్యంతో చాలా వార్తలు ముగిసిపోతాయి. పైగా వాళ్ల యంత్రాంగం ప్రధానంగా ఇంగ్లీషు వార్తల మీద, ఇతర భాషల నుంచి ఇంగ్లీషులోకి అనువదించినవాటి మీద నడుస్తుంది. మన దినపత్రికల జిల్లా సంచికల్లో ఘటనాస్థలిలో ఏ రకం తూటాల ఖాళీ షెల్స్‌ దొరికాయో, పోయినది ఎస్‌ఎల్‌ఆర్‌ రైఫిలా ఇన్సాస్‌ రైఫిలా అన్న సంగతులు తరచూ వస్తాయి. ఆ వార్త ఢిల్లీ ఇంగ్లీషు పత్రికకు చేరేసరికి రెండు వాక్యాలకు కుదించుకుపోతుంది. మేరీలాండ్‌కు చేరేది ఆ రెండు వాక్యాలే.

పైన చెప్పిన లెక్క మొదటి ఆయుధం గడిదేనని గమనించాలి. తుపాకీ రెండో గడిలోనో మూడో గడిలోనో ఉన్న దాడులు, అంటే మందుపాతర పేల్చి ఆ తర్వాత కాల్పులు జరిపినటువంటివి, అందులోకి రాకపోవచ్చు. తొందరపాటుతో చేసిన అనేక విశ్లేషణల్లో ఈ లోటు కనిపిస్తుంది. మావోయిస్టుల దాడుల్లో ఈ రెండూ కలిసే జరగడం మామూలు గనుక భారతదేశం వరకు ఇది చిన్న లోటు కాదు.

ఇంత చెప్పినా, తుపాకీ వాడారా లేదా అన్న ముతక ప్రశ్నతోనే ఈ ఫైలు నుంచి విలువైన సంగతులు రాబట్టవచ్చు. 2017లో అమెరికాలో ఒక వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం దీనికి మంచి ఉదాహరణ. 2002 నుంచి 2016 వరకు అమెరికా, కెనడా, పశ్చిమ ఐరోపా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో జరిగిన దాడులను ఆ పరిశోధకులు ఈ డేటాబేస్‌ నుంచే తీసుకున్నారు. ఆ దాడుల్లో తుపాకీ వాడినవి పదింట ఒకటి కంటే తక్కువ. మరణాల్లో మాత్రం సగానికి మించి తుపాకీ వల్లనే. బాంబు గురించి ఎక్కువగా భయపడే విధాన నిర్ణేతలకు ఆ ఒక్క లెక్క చాలు. ఇదే విషయాన్ని ఒక్క రోజు, ఒక్క మనిషి చేసిన రెండు దాడుల్లో చూడవచ్చు. 2011 జూలై 22న నార్వే రాజధాని ఓస్లోలో ప్రభుత్వ కార్యాలయాల ముందు పేల్చిన కారు బాంబుకు 8 మంది చనిపోయారు. ఆ తర్వాత అదే వ్యక్తి ఉటోయా ద్వీపంలో యువజన శిబిరం మీద జరిపిన కాల్పులతో 69 మంది ప్రాణాలు పోయాయి. స్థలమో సమయమో మారితే వేరే ఘటనగా లెక్కించాలన్న నియమం వల్ల ఈ డేటాబేస్‌లో ఇవి రెండు వేర్వేరు వరుసలు. బాంబునూ తుపాకీనీ పోల్చి చూడాలంటే ఆ నియమం ఎంతో మేలు చేస్తుంది.

అదే నియమం మరొక చోట చిక్కు తెస్తుంది. 2008 నవంబరు 26న ముంబయిలో పదిమంది సాయుధులు రైల్వే స్టేషన్‌, కేఫ్‌, హోటళ్లు, యూదుల కేంద్రం మీద విరుచుకుపడిన ఘటన మన జ్ఞాపకంలో ఒకే దాడి. 166 మంది మృతులను మనం కలిపే తలుచుకుంటాం. ఇక్కడ అది అనేక వరుసలుగా విడిపోతుంది. చోటుచోటుకూ మృతుల సంఖ్య విడిగా దొరకనప్పుడు మొత్తాన్ని సంబంధిత వరుసలకు పంచడం వాళ్ల పద్ధతి. ఘటనలను ముడిపెట్టే కాలమ్‌ ఒకటి ఉంది. దాన్ని వాడి కలుపుకోకుండా ఒక్కో దాడికి సగటు మరణాలు లెక్కిస్తే ముంబయి లాంటి దాడి తీవ్రత పలచబడిపోతుంది.

తుపాకీ ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న దగ్గర ఈ సేవ పూర్తిగా చేతులెత్తేస్తుంది. కొన్ని ఘటనలను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఉటోయాలో కాల్చిన సెమీ ఆటోమేటిక్‌ రైఫిల్‌ను హంతకుడు వేట లైసెన్సు మీద, పిస్తోలును షూటింగ్‌ క్లబ్బు సభ్యత్వం ద్వారా చట్టబద్ధంగానే కొన్నాడు. 2015 జనవరిలో పారిస్‌లో యూదుల సూపర్‌మార్కెట్‌ మీద దాడి చేసినవాడి రైఫిళ్లు చెక్‌ తయారీవి. వాటిని ఉత్తుత్తి గుళ్లు మాత్రమే పేలేలా మార్చి స్లొవేకియాలో దుకాణంలో బాహాటంగా అమ్మారు. ఆ తర్వాత ఎవరో వాటిని మళ్లీ నిజమైన తూటాలు పేలేలా బాగుచేశారు. అదే ఏడాది నవంబరులో పారిస్‌లో వాడినవాటిలో యుగోస్లావియా కాలపు జస్తావా రైఫిళ్లున్నాయి. 2019 మార్చిలో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌ మసీదుల్లో 51 మందిని చంపినవాడు సాధారణ లైసెన్సు మీదే సెమీ ఆటోమేటిక్‌ తుపాకులు కొని, అడ్డూ అదుపూ లేకుండా దొరికే పెద్ద మ్యాగజైన్లను వాటికి తగిలించుకున్నాడు. ఒడిశాలోని నయాగఢ్‌లో 2008 ఫిబ్రవరిలో మావోయిస్టులు పోలీసు ఆయుధాగారం మీద పడి వెయ్యికి పైగా ఆయుధాలు ఎత్తుకెళ్లారు. ఇన్ని దారులు! లైసెన్సు విధానంలో సందు, మరో దేశపు చట్టంలో లొసుగు, పాత యుద్ధపు మిగులు, ఆయుధాగారం లూటీ. ఒక్కోదానికి మందు వేరు. స్లొవేకియా 2015లోనే తన చట్టాన్ని బిగించింది. ఐరోపా సంఘం నిర్వీర్యం చేసిన తుపాకులకు ఉమ్మడి ప్రమాణాలు తెచ్చి, 2017లో తుపాకుల మీద సభ్య దేశాలకిచ్చే ఆదేశాన్ని (డైరెక్టివ్‌) సవరించింది. న్యూజిలాండ్‌ కొద్ది వారాల్లోనే అలాంటి తుపాకులను నిషేధించింది. ఈ కోడ్‌బుక్‌ ప్రకారం మాత్రం ఆ రైఫిళ్లన్నీ ఒకే ఉపవిభాగంలో, ఒకే అంకె కింద చేరతాయి.

నయాగఢ్‌ లాంటి ఘటనలో మరో సంగతి ఉంది. ఆయుధాగారం మీద దాడికి అసలు లక్ష్యం తుపాకులే. చంపడం దానికి సాధనం. 2004 ఫిబ్రవరిలో ఒడిశాలోనే కోరాపుట్‌లో జరిగిందీ అదే. ఆ తుపాకులే తర్వాతి ఏళ్లలో ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో మరెన్నో దాడుల్లో పేలి ఉంటాయని ఎవరైనా ఊహించవచ్చు. కానీ ఊహను లెక్కగా మార్చాలంటే ఎన్ని, ఏ రకం తుపాకులు పోయాయో, వాటి సీరియల్‌ నంబర్లు తర్వాత ఎక్కడ తేలాయో తెలియాలి. మృతులకూ గాయపడినవారికీ ఆస్తి నష్టానికీ విడివిడిగా గడులున్న ఈ ఫైలులో లూటీ అయిన తుపాకుల సంఖ్యకు ప్రత్యేకంగా గడి లేదు.

చేతి తయారీ తుపాకుల సంగతి కూడా ఇంతే. 2019 అక్టోబరులో జర్మనీలోని హాలేలో యూదుల ప్రార్థనా మందిరం మీదికి వెళ్లినవాడు తానే తయారు చేసుకున్న తుపాకులు వాడాడు. అవి మధ్యమధ్యలో మొరాయించడం వల్ల ప్రాణనష్టం ఇద్దరితో ఆగింది. 2022 జూలైలో జపాన్‌ మాజీ ప్రధాని షింజో అబేను చంపింది కూడా ఇంట్లో తయారైన తుపాకీతోనే. నాటు తుపాకులు, తపంచాలు కొత్త కాని మన దేశంలో ఈ వర్గానికి ప్రత్యేక ఉపవిభాగం లేకపోవడం పెద్ద వెలితి. జెనీవాలోని స్మాల్‌ ఆర్మ్స్‌ సర్వే అనే పరిశోధన సంస్థ 2017 నాటికి భారతదేశంలో పౌరుల దగ్గర ఉన్న తుపాకులు సుమారు 7.1 కోట్లని అంచనా వేసింది. అందులో రిజిస్టరైనవి 97 లక్షలు. అంచనాలో తేడాపాడాలు ఉండవచ్చు గానీ, చట్టం కంటపడని తుపాకీయే ఎక్కువన్న సంగతి మాత్రం కాదనలేనిది.

తెలుగు పాఠకుడికి ఈ ఫైలులో మరీ గుచ్చుకునే లోటు 1993. పింకర్టన్‌ వాళ్లు కార్యాలయం మార్చుకున్నప్పుడు ఆ ఏడాది కార్డులు పోయాయి. ఆ పెట్టెలు మేరీలాండ్‌కు చేరనే లేదు. అందువల్ల ప్రధాన ఫైలు 1992 నుంచి నేరుగా 1994కు దూకుతుంది. కోడ్‌బుక్‌లో దేశాలవారీ మొత్తాలు ఇచ్చారు. తర్వాత తిరిగి ఏరిన కొన్ని ఘటనలను వేరే ఫైలుగా, అసంపూర్ణమన్న హెచ్చరికతో అందిస్తున్నారు. కానీ ఆ ఏడాది ఎలాంటిది? జనవరి 27న హైదరాబాద్‌ లాల్‌ బహదూర్‌ స్టేడియంలో ఐపీఎస్‌ అధికారి కె.ఎస్‌. వ్యాస్‌ను పీపుల్స్‌వార్‌ వాళ్లు కాల్చి చంపారు. 1989లో గ్రేహౌండ్స్‌ దళాన్ని నిర్మించిన అధికారి ఆయన. నగరం నడిబొడ్డున జరిగిన ఆ హత్యే లేకుండా తెలుగు నేల మీద తుపాకీ హత్యల చరిత్ర రాయడం కుదరదు. మార్చి 12న ముంబయిలో వరుస పేలుళ్లకు 257 మంది బలయ్యారు. ఆ కుట్రలో రాయగఢ్‌ తీరంలో దింపిన సరుకులో ఆర్డీఎక్స్‌తో పాటు ఏకే-56 రైఫిళ్లు కూడా ఉన్నాయి. ప్రధాన ఫైలు మీద ఆధారపడి భారతదేశపు ధోరణి గీసిన గ్రాఫు ఏదైనా ఆ ఏడాది దగ్గర విరిగి ఉండాలి. విరగకుండా నున్నగా సాగిందంటే గీసినవారు ఏదో సర్దేశారని అనుమానించవచ్చు.

మన ప్రాంతం మీద పని చేసేవారికి మరి రెండు జాగ్రత్తలు అవసరం. దాడి చేసిన సంస్థ పేరుతో వెతికితే ఒక్క పేరు సరిపోదు. పీపుల్స్‌వార్‌ గ్రూపు, మావోయిస్ట్‌ కమ్యూనిస్ట్‌ సెంటర్‌, 2004 సెప్టెంబరులో ఆ రెండూ కలిసి ఏర్పడిన సీపీఐ మావోయిస్టు, ఊరికే మావోయిస్టులు, నక్సలైట్లు అన్న పేర్లు విడివిడిగా నమోదై ఉన్నాయి, అన్నింటినీ కలుపుకోవాలి. రాష్ట్రం పేరును ఘటన జరిగిన నాటి పాలనా విభాగం ప్రకారం రాయాలన్నది కోడ్‌బుక్‌ నియమం. కాబట్టి 2014 జూన్‌కు ముందు కరీంనగర్‌లో గానీ వరంగల్‌లో గానీ జరిగినవి తెలంగాణ అని వెతికితే దొరకవు, ఆంధ్రప్రదేశ్‌ కింద చూడాలి.

సేకరణ పద్ధతి మార్పుల గురించి క్లుప్తంగా చెబుతాను. 1997 వరకు పింకర్టన్‌, 1998 నుంచి 2008 మార్చి వరకు ఒక సంస్థ, ఆ తర్వాత 2011 అక్టోబరు వరకు మరొక సంస్థ, 2011 నవంబరు నుంచి స్టార్ట్‌ కేంద్రమే స్వయంగా సేకరించాయి. రెండో దశలో చాలా భాగం ఘటనలు జరిగిన ఏళ్ల తర్వాత వెనక్కి వెళ్లి ఏరినవి. చివరి దశలో కంప్యూటర్‌ సాయంతో రోజూ లక్షల వార్తలు జల్లెడ పడతారు. 2012 నుంచి దాడుల సంఖ్య ఒక్కసారిగా పెరగడంలో కొంత భాగం ఈ జల్లెడ పుణ్యమే. 2012కు ముందు, తర్వాత ఏళ్లను పోల్చేటప్పుడు జాగ్రత్త అవసరమని నిర్మాతలే హెచ్చరించారు.

మరి తుపాకీ మూలం తెలుసుకోవాలంటే ఎక్కడికి వెళ్లాలి? భారతదేశం వరకు ఢిల్లీలోని ఇన్‌స్టిట్యూట్‌ ఫర్‌ కాన్‌ఫ్లిక్ట్‌ మేనేజ్‌మెంట్‌ నడిపే సౌత్‌ ఏషియా టెర్రరిజం పోర్టల్‌ మెరుగు. పంజాబ్‌ మాజీ డీజీపీ కె.పి.ఎస్‌. గిల్‌ స్థాపించిన సంస్థ అది. దాడులతో పాటు అరెస్టులు, లొంగుబాట్లు, ఆయుధాల స్వాధీనం కూడా రాష్ట్రాలవారీగా ఇస్తారు గనుక తుపాకీ జాడకు కనీసం ఒక కొస దొరుకుతుంది. పోలీసులు చెప్పినదే ఎక్కువగా అందులో ఉంటుందన్న పరిమితి వేరే సంగతి. యుద్ధభూమిలో దొరికిన ఆయుధాల నంబర్లు పట్టుకుని తయారీదారు దాకా వెళ్లే పని బ్రిటన్‌కు చెందిన కాన్‌ఫ్లిక్ట్‌ ఆర్మమెంట్‌ రీసెర్చ్‌ చేస్తుంది. ఇరాక్‌, సిరియాల్లో ఇస్లామిక్‌ స్టేట్‌ దగ్గర పట్టుబడిన 40 వేలకు పైగా ఆయుధాలు, మందుగుండు, విడిభాగాలను పరిశీలించి ఆ సంస్థ 2017 డిసెంబరులో విడుదల చేసిన నివేదిక ఒక చేదు నిజాన్ని బయటపెట్టింది. అమెరికా, సౌదీ అరేబియా తూర్పు ఐరోపాలో కొని సిరియా తిరుగుబాటుదారుల కోసం పంపిన సరుకులో కొంత చివరికి ఇస్లామిక్‌ స్టేట్‌ చేతికే చేరింది. ఐరోపా నగరాల విషయంలో బ్రస్సెల్స్‌లోని ఫ్లెమిష్‌ పీస్‌ ఇన్‌స్టిట్యూట్‌ 2018లో ప్రచురించిన సాఫ్టే అధ్యయనం నాకు తెలిసినంతలో ఈ అంశం మీద అత్యంత నాణ్యమైన పని. ఉగ్రవాదులకంటూ ప్రత్యేకమైన తుపాకుల సంత లేదని, చాలామంది తమ పాత నేర పరిచయాల ద్వారానే, మామూలు నేరగాళ్లు కొనే చోటే కొంటున్నారని అది వివరంగా చూపింది. ఒక్కో కేసు తీసుకుని, కోర్టు పత్రాలు చదివి, పోలీసులతో మాట్లాడి చేసిన పని కాబట్టి అది రెండు లక్షల వరుసలకు విస్తరించలేదు. జీటీడీ చేయలేనిది అది చేసింది, అది చేయలేనిది జీటీడీ చేస్తోంది. మన దగ్గర ఎన్‌ఐఏ ఛార్జిషీట్లు, కోర్టు తీర్పులు ముందు పెట్టుకుని ఎవరైనా ఆ పనికి పూనుకుంటే సాఫ్టే తరహా అధ్యయనం ఆంధ్ర, ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ సరిహద్దు మీద కూడా సాధ్యమే.

తుపాకీ పరిశోధనకు సాధనంగా ఈ డేటాబేస్‌కు ఐదుకు మూడు ఇస్తాను. ఉగ్రవాదం మొత్తానికి సాధనంగా అయితే నాలుగు ఇవ్వడానికి వెనుకాడను. కోడ్‌బుక్‌లోని నిజాయితీకి ఒక అర మార్కు అదనంగా ఇవ్వాలని ఉంది గానీ, తాజాదనం లోపించడం దాన్ని తినేస్తోంది. అమెరికా విదేశాంగ శాఖ నిధులు 2018లో ఆగిపోయాక దీని వేగం తగ్గింది. నేను వాడిన ప్రధాన ఫైలు 2020 చివరి వరకు, అనుబంధ ఫైలు 2021 జూన్‌ వరకు ఉన్నాయి. ఏటా ప్రపంచ ఉగ్రవాద సూచీ వెలువరించే ఆస్ట్రేలియా సంస్థ కూడా ఈ కారణంగానే మరో వనరుకు మారింది.

దింపుకునేవారికి ఒక సూచన. ఇంటర్నెట్‌లో కాగుల్‌ లాంటి, డేటా ఫైళ్లు పంచుకునే చోట్ల సులువుగా దొరికే ప్రతి 2017తోనే ఆగిపోతుంది. క్రైస్ట్‌చర్చ్‌, హాలే అందులో ఉండవు. మేరీలాండ్‌ వెబ్‌సైట్‌ నుంచే ఫైలు తీసుకోండి, ఆయుధాల గడులు నాలుగింటినీ కలిపి లెక్కించండి, 1993ను విడిగా చూపండి. వాడిన విడుదల ఏదో తేదీతో సహా రాయడం కూడా తప్పనిసరి, ఎందుకంటే కొత్త సమాచారం దొరికినప్పుడు పాత ఏళ్ల వరుసలను సైతం తర్వాతి విడుదలల్లో సవరిస్తుంటారు.